తాటాకు పందిట్లో అద్దె బామ్మ

ఉగాది వెళ్లిన మొదటి ఆదివారం, సాయంత్రం ఆరు గంటలు. తెనాలిలో మా అమ్మాయి వాళ్లు అద్దెకుంటున్న అపార్ట్‌మెంటు మేడ మీద, తాటాకు పందిరి కింద, గోనెపట్టా పరుచుకుని తిరగలి ముందు కూర్చున్నాను. ఆ రోజుతో నా మనవరాలికి ఆరేళ్లు నిండాయి. పార్టీ చేశారు. పుట్టినరోజు అని ఇప్పుడెవరూ అనడం లేదు, పార్టీ అనే అంటున్నారు.

నాది రేపల్లె. మినుములూ పెసలూ తిరగలిలో విసిరి, పప్పు చేసి అమ్ముతాను. ఎన్ని మిల్లులు వచ్చినా సున్నుండలకు తిరగలి పప్పే కావాలనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆయన పోయాక అమ్మాయిని ఈ రాళ్ల మీదే చదివించాను. నాకు మాత్రం అరవై దాటాక, మా మహిళా సంఘంలో ఒక టీచరమ్మ సాయంత్రాలు కూర్చోబెట్టి చెబితే అక్షరాలు వచ్చాయి. ఆలస్యంగా వచ్చిన అక్షరాలు. వాటితో సోకులు చేయడం నాకు చేతకాదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

అమ్మాయి ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. అల్లుడికి బండ్ల షోరూములో పని. ఇద్దరి జీతాలూ ఇంటి అద్దెకూ, పిల్ల ఫీజుకూ, బండి వాయిదాలకూ పోతాయి. అది నాకు తెలుసు, దానికి తప్పు పట్టను. కానీ పిల్ల క్లాసులో ఈ పార్టీల జబ్బొకటి పట్టుకుంది. ఒక పిల్లాడి తల్లి విజయవాడ నుంచి మనుషుల్ని రప్పించి హాలునంతా అడవి చేయించింది. పులి వేషం, కోతి వేషం వేసుకుని మనుషులు పిల్లల మధ్య గెంతారట. అది చూసొచ్చిన దగ్గర్నుంచి మా పిల్ల "మనదెప్పుడు, మనదేం పార్టీ" అని తల్లి కొంగు వదల్లేదు.

"అమ్మా, పల్లెటూరి థీమ్ చేద్దామనుకుంటున్నా" అంది అమ్మాయి ఫోన్లో.

"థీమ్ అంటే ఏంటే?"

"అంటే అంతా పల్లెటూరిలా కనపడాలి. గుడిసె, గడ్డి, కుండలు, రోలు, తిరగలి. ఇప్పుడిదే ఫ్యాషను. బయటోళ్ల చేత చేయిస్తే బోలెడవుద్ది. మనకైతే ఖర్చేం లేదు. అన్నీ నీ దగ్గరే ఉన్నాయిగా!"

"నా దగ్గరుంది పల్లెటూరు కాదే, పని సామాను."

"అబ్బా, అదేలే. సున్నుండలు కూడా నువ్వే చేసుకురా. నువ్వు తిరగలి దగ్గర కూర్చుని ఇసురుతుంటే పిల్లలు చూస్తారు. ఈ కాలం పిల్లలకి ఏం తెలుసు చెప్పు?"

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో చెబుతాను. పిల్ల పుట్టినరోజులన్నీ అంతవరకూ బాపట్లలో నాన్నమ్మ గారింట్లోనే జరిగాయి. నన్నూ పిలిచేవారు. వెళ్లేదాన్ని. వెనక వరసలో కుర్చీ చూపించేవారు. పిల్ల కేకు కోసి నాన్నకూ, అమ్మకూ, తాతయ్యకూ, నాన్నమ్మకూ పెట్టేసరికి ఎవరో ఒకరు పాటలు పెట్టేవారు, అందరూ లేచి భోజనాల మీద పడేవారు. నా వంతు రాలేదు. ఈసారి తెనాలిలో, నా సామానుతో, నా సున్నుండలతో చేస్తున్నారు. ఈసారన్నా పిల్ల నలుగురి ముందూ "అమ్మమ్మా" అని పిలిచి నా నోట్లో ఇంత కేకు ముక్క పెడుతుందనుకున్నాను. ఆ సాయంత్రం నాకు కావలసింది అదొక్కటే.

తిరగలి రాళ్లు రెండూ విడివిడిగా గోనెసంచుల్లో చుట్టి, చేటా జల్లెడా కవ్వం చిన్న రోలూ సర్దుకుని, ఆటో మాట్లాడుకుని పొద్దున్నే వెళ్లాను. బాపట్ల వియ్యంకుడు తమ పొలంగట్టు చెట్లవి తాటాకులు కొట్టించి ట్రాలీ ఆటోలో తెచ్చాడు. గడ్డి పాలు పోసేవాళ్ల దగ్గర దొరికింది. అల్లుడు అట్టపెట్టెలు కోసి ఎడ్లబండి చేశాడు. బాగానే చేశాడు గానీ ఎడ్లకు కుక్క మొహాలు వచ్చాయి. అమ్మాయి అట్టముక్కల మీద రంగు పెన్నుతో పేర్లు రాసి సామాను పక్కన నిలబెట్టింది. 'రోలు'. 'చేట'. 'కవ్వం'. 'తిరగలి'. నేను కూర్చోవలసిన గోనెపట్టా పక్కన కూడా ఒక అట్ట ఉంది. కూడబలుక్కుని చదివాను. 'పల్లెటూరి బామ్మ'.

"ఇదేంటే?"

"ఫోటోల్లో బావుంటుందమ్మా."

"మనిళ్లల్లో బామ్మ అనే మాటే లేదు. టీవీలో అంటారు. అమ్మమ్మ అని రాయి."

"అమ్మమ్మంటే ఒక్క పిల్లకే. బామ్మంటే వచ్చిన పిల్లలందరికీ. వదిలెయ్యమ్మా, ఇంకా బెలూన్లు ఊదాలి."

పల్లెటూరికి బెలూన్లెందుకని అడగబోయి ఊరుకున్నాను.

పిల్లలు వచ్చారు. ఆడపిల్లలు పరికిణీల్లో, మగపిల్లలు జారిపోయే బుల్లి పంచెల్లో. అబద్ధమెందుకు, ముద్దుగానే ఉన్నారు. తిరగలి చుట్టూ మూగి, గుప్పిళ్లతో మినుములు పోసి, పక్కల నుంచి పప్పు రాలుతుంటే కేకలు పెట్టారు. ఒకడు "దీనికి స్విచ్ ఎక్కడుంది?" అని అడిగాడు. చెయ్యి చూపించాను. అంతవరకూ నాకూ సంతోషంగానే ఉంది.

అప్పుడు అడవి పార్టీ చేసినావిడ తిరగలి దగ్గరికి వచ్చింది. నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"ఏంటండీ, ఈ బామ్మ భలే ఉంది! నిజంగానే ఇసురుతోంది. ఎక్కడ దొరికింది మీకు?"

మా అమ్మాయి నా వైపు చూడలేదు. "విజయవాడండి. ఈవెంట్ వాళ్లు పంపారు" అంది.

"మేం పిలిచినవాళ్లేనా? వాళ్ల దగ్గర బామ్మలున్నారని మాకు చెప్పలేదే!"

"కొత్తగా పెట్టారటండి."

"ఎంత తీసుకున్నారేంటి?"

"మీకు తెలియందేముందండి, ఆదివారం రేటు."

నా చెయ్యి ఆగిపోయింది. అమ్మాయి చేటలో మినుములు సర్దుతున్నట్టు నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"అమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ఒక్క పూట. సొంత అమ్మని కూర్చోబెట్టామంటే డబ్బుల్లేక చేశారంటారు. మనిషిని తెప్పించామంటే ఆ దర్జా వేరు."

"మరి పిల్ల పిలిస్తే?"

"పిలవదులే. దానికి చెప్పాను, ఆటలాగా."

అంటే ఇది అప్పటికప్పుడు నోట్లోంచి జారిన మాట కాదు. ముందే అనుకున్నారు. పిల్లకు నేర్పారు. నాకొక్కదానికే చెప్పలేదు. నేను పప్పు విసిరి బతికేదాన్నని అది సిగ్గుపడి ఉంటే పోనీలే అనుకునేదాన్ని. దాని సిగ్గు అది కాదు. నేను పైసా తీసుకోకుండా ఊరికే వచ్చాననేది దాని సిగ్గు.

లేచి వెళ్లిపోవలసింది. పిల్ల కేకు కోయకముందే లేవబుద్ధి కాలేదు.

వియ్యపురాలు పట్టుచీరలో వచ్చింది. అలవాటుగా "ఏంటి వదినగా..." అని మొదలుపెట్టి మధ్యలో మింగేసింది. ఆమెకూ ముందే చెప్పారన్నమాట. కుర్చీ తెప్పించుకుని నాకు ఎదురుగా కూర్చుంది.

"బామ్మగారూ, కాస్త మెత్తగా ఇసరండి. బాపట్ల వాళ్లం, గరుకు తినలేం."

"మెత్తగా కావాలంటే కుర్చీ దిగి తమరూ ఒక చెయ్యి వెయ్యండి అమ్మగారూ."

విరగబడి నవ్వింది. తర్వాత ముందుకు వంగి మెల్లగా అంది. "ఏమనుకోకండి వదినా, మీ అమ్మాయి అంతలా బతిమాలింది."

"మరి నాన్నమ్మకి అట్ట పెట్టలేదేం? మీరేమన్నా డబ్బులు తీసుకుని వచ్చారా?"

ఆమె ఇంక నవ్వలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

కేకు తెచ్చారు. చిన్నదే, పైన క్రీముతో గుడిసె గీశారు. పిల్ల కోసింది. నాన్నకు పెట్టింది. అమ్మకు, తాతయ్యకు, నాన్నమ్మకు పెట్టింది. ఆ తర్వాత ఇంకో ముక్క తీసుకుని తిన్నగా నా దగ్గరికే వచ్చింది. అందరూ ఫోన్లు పైకెత్తారు. నేను చెయ్యి కొంగుకు తుడుచుకున్నాను.

"తీసుకోండి బామ్మగారూ" అంది.

రేపల్లె వస్తే నా వీపు మీదకెక్కి "ఒసే అమ్మమ్మా" అనే పిల్ల అది. తెలియని ముసలమ్మకు ఇచ్చినట్టు రెండు చేతులతో మర్యాదగా కేకు పట్టుకుని నిలబడింది. ఎంత బాగా నేర్పారు!

"బామ్మగారెవరే? నేను మీ అమ్మమ్మని" అన్నాను.

పిల్ల మొహం ఎర్రబడింది. తల్లి వైపు తిరిగి గట్టిగా అరిచింది.

"అమ్మా! అమ్మమ్మ చెప్పేసింది చూడు! నేను చెప్పలేదు! అమ్మమ్మే ఆట చెడగొట్టింది! నా పెద్ద చాక్లెట్ నాకు ఇవ్వాలి!"

ఏడుస్తూ చేతిలోని కేకును విసిరికొట్టింది. అది తిరగలి గుంటలో, మినుములు పోసే చోట పడింది.

నన్ను అమ్మమ్మ అనకుండా ఉండటానికి నా మనవరాలికి కట్టిన వెల ఒక చాక్లెట్టు. తక్కువ ఖర్చు పార్టీ కదా.

మా అమ్మాయి మొహంలో రక్తం లేదు. అబద్ధం బయటపడింది, ఇక ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాను. నా కూతురి పరువు నలుగురిలో పోయిందని, నేనే పోగొట్టానని భయపడ్డాను కూడా. ఏమీ పడలేదు. అడవి పార్టీ ఆవిడ చప్పట్లు కొట్టింది.

"అయ్యబాబోయ్, మీ అమ్మగారా! ఎంత తెలివండీ మీకు! ఈ ఐడియా నాకొచ్చుంటే మా అత్తగారి చేతే కోతి వేషం వేయించేదాన్ని, ఎంత మిగిలేదో!"

అందరూ పగలబడి నవ్వారు. మా అమ్మాయి మొహం మెల్లగా విచ్చుకుంది. "సర్‌ప్రైజ్ అండి, థీమ్‌లో భాగమే" అంది. ఆ మాటకు ఇంకా నవ్వారు. "అమ్మమ్మగారూ, ఇటు చూడండి" అని మళ్లీ ఫోటోలు మొదలయ్యాయి. ఊరికే చేసిందంటే చులకనవుతానని అది వణికిపోయింది. ఊరికే చేసినందుకే మెచ్చుకున్నారు. తల్లిని కాదన్నదేమిటని మాత్రం ఒక్కరు కూడా అడగలేదు. వాళ్లకు అందులో అడగవలసింది ఏమీ కనపడలేదు.

నేను లేచాను.

"ఇంకో పది నిమిషాలు కూర్చో అమ్మా, వాళ్లంతా ఫోటో దిగుతారు."

"అద్దె మనిషికైతే ఈపాటికి టైమైపోయేది."

అల్లుణ్ని పిలిచి రాళ్లు కిందికి దించమన్నాను. ఒక్కొక్కటీ భుజాన వేసుకుని మోశాడు. మెట్ల మీద ఆగి, "అత్తయ్యగారూ, దాని ఇబ్బంది మీకు తెలియందా?" అన్నాడు.

"తెలుసు బాబూ. తెలుసు కాబట్టే సామాను మోసుకుని వచ్చాను."

ఆటో ఎక్కేటప్పుడు పిల్ల పై నుంచి తొంగి చూసింది. చెయ్యి ఊపలేదు. నేను ఆట చెడగొట్టినదాన్ని. రేపల్లె వచ్చి చూసుకుంటే క్రీము రాతి కాట్లలోకి దిగిపోయి ఉంది. కడిగినా పోలేదు. నూకలు పోసి విసిరి, పారబోసి, మళ్లీ విసిరితే గానీ ఆ తీపి వాసన వదల్లేదు.

తర్వాత అమ్మాయి ఫోన్ చేసింది. సారీ అంటుందేమోనని ఎత్తాను.

"నువ్వే పెద్దది చేసుకుంటున్నావమ్మా. అక్కడ ఎవరూ ఏమీ అనుకోలేదు. అసలు అక్కడెవరున్నారని? అంతా మనవాళ్లేగా!"

ఎవరున్నారో నాకు బాగా గుర్తుంది. చాక్లెట్టు కోసం ఏడ్చిన నా మనవరాలు. దాన్ని ఎత్తుకుని నవ్విన నా కూతురు. ఫోన్లో వీడియో తీసిన అల్లుడు. తల దించుకుని నా సున్నుండలు తిన్న వియ్యంకుడు. కుర్చీలో వియ్యపురాలు. అడవి పార్టీ ఆవిడ, ఆమె భర్త, స్విచ్ ఎక్కడని అడిగిన వాళ్లబ్బాయి. కింది వాటాలో ఉండే ఇంటివాళ్లు, మొగుడూ పెళ్లామూ. మా అమ్మాయి స్కూలు నుంచి ఇద్దరు టీచర్లు. అల్లుడితో పనిచేసే కుర్రవాడు. క్లాసు పిల్లలు, వాళ్లను తీసుకొచ్చిన తల్లులు. నీళ్ల క్యాను మోసుకొచ్చి, నవ్వకుండా నిలబడిపోయిన వాచ్‌మన్ భార్య. నేను.