బోణీ అయ్యే దాకా పాత షట్టర్ దించం

2023లో వానలు మొదలైన వారం. పటాన్‌చెరులో హార్డ్‌వేర్ దుకాణం పైన మా చిన్న ఆఫీసు. చుట్టుపక్కల వ్యాపారుల వెబ్‌సర్వర్లు చూసుకోవడం నా పని. వెబ్‌సర్వర్ అంటే మీరు ఫోన్లో అడిగిన పేజీని తీసి పంపే కంప్యూటర్. దానితో మాట్లాడాలంటే మౌసూ బొమ్మలూ ఏమీ ఉండవు, నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయడమే. నాకు ఆ నల్ల తెరంటే ప్రాణం. మా ఇంట్లో వాళ్లు దాన్ని పిచ్చి అంటారు.

ఆ పొద్దున సంగారెడ్డి నుంచి లావణ్య ఫోన్ చేసింది. విత్తనాల వ్యాపారి విశ్వనాథం సేటు కూతురు. దుకాణానికి కొత్త బుకింగ్ సైటు తనే తయారు చేసింది. లక్డారం రైతులు చాలామంది ఇప్పుడు ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్నారు. వాళ్లు షిఫ్టు మారే వేళ ఫోన్లో బుక్ చేస్తే, సాయంత్రానికి సంచులు ఊరికి పంపాలని ఆమె ఆలోచన.

"అక్కా, జల్దీ రావా? అందరికీ పోయినేడు పేజే వస్తుంది. బుకింగ్ బంద్ అని సూపిస్తుంది. మధ్యాహ్నం షిఫ్టు లోపల సక్కగ కాకుంటే సైటు గీటు ఏం వద్దంటుండు బాపు."

దొరికిన బస్సెక్కేశాను. ఇలాంటి పిలుపు వస్తే నాకు టిఫిన్ కూడా గుర్తుండదు.

దుకాణంలో సేటు చేతికొక ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నారు. "జెర సూడు బిడ్డా. పొద్దుగాల సంది ఫోన్లే ఫోన్లు. దుకాణం తెరిసే ఉంటే బంద్ అంటదేంది గది?"

లావణ్య కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఎన్నిసార్లు చూసినా టెస్ట్ సక్సెస్‌ఫుల్ అనే వస్తుందక్కా."

ఆమె ల్యాప్‌టాప్ నుంచే సర్వర్‌లోకి వెళ్లి nginx -t కొట్టాను. nginx అనేది వెబ్‌సర్వర్ ప్రోగ్రాం. వెనక ఆ -t పెడితే సెట్టింగుల ఫైళ్లలో తప్పులున్నాయేమో చదివి చెబుతుంది. నిజమే, చివరి వరుసలో సక్సెస్‌ఫుల్ అనే ఉంది. కానీ దాని పైన ఒక హెచ్చరిక: ఒకే చిరునామా రెండు చోట్ల ఉంది, రెండోదాన్ని వదిలేస్తున్నాను అని. దొంగ దొరికాడు! కూర్చున్న చోటే చిటికె వేశాను.

సెట్టింగుల ఫోల్డర్‌లోకి వెళ్లి ls కొట్టాను, అందులోని ఫైళ్ల పేర్లు చూపించే ఆదేశం అది. రెండు కనిపించాయి: patha, vithanalu. ఆ ఫోల్డర్‌లో ఏం పెట్టినా సర్వర్ అక్షర క్రమంలో చదువుతుంది. రెండింటిలో ఒకే చిరునామా ఉంటే ముందు చదివినదే చెల్లుతుంది. v కన్నా p ముందు కాబట్టి కొత్త సైటును పక్కకు నెట్టి పాతదే వస్తోంది.

"గీ పాతది ఈడెందుకున్నది?" అని అడిగాను.

లావణ్య తండ్రి వైపు చూసింది. సేటే చెప్పారు: "నేనే ఉంచుమన్న. మా ఇంట్ల ఆనవాయితీ గది. దుకాణం మారితే, కొత్త దాంట్ల బోణీ అయ్యేదాంక పాత షట్టర్ దించం. మా తాత సంది గిట్లనే."

నాకు నవ్వు ఆగలేదు. "సేటూ, వచ్చినోళ్లంత పాత షట్టర్లకే పోతున్నరు. ఇగ కొత్త దాంట్ల బోణీ ఎట్లయితది?"

ఆయన నవ్వలేదు. "దించితే మంచిది కాదమ్మా," అన్నారు మెల్లగా. నా నవ్వు నాకే బాగాలేదనిపించింది.

దించకుండానే దారి ఉంది. కీబోర్డు లావణ్యకిచ్చి, పాత ఫైలులో చిరునామా మార్పించాను. పాత సైటు వేరే పేరుతో తెరిచే ఉంటుంది, అసలు పేరుతో వచ్చేవాళ్లు కొత్తదానికి వెళతారు. మళ్లీ nginx -t. ఈసారి హెచ్చరిక లేదు! ఇక మిగిలింది రీలోడ్. సర్వర్‌ను ఆపకుండా కొత్త సెట్టింగులు చదివించే ఆదేశం అది. అదీ లావణ్యే కొట్టింది.

సేటు ఫోన్లో కొత్త పేజీ తెరుచుకుంది. ముగ్గురం ల్యాప్‌టాప్ వైపే చూస్తూ కూర్చున్నాం. షిఫ్టు మారే వేళ దాటకముందే తెర మీద మొదటి బుకింగ్ వరుస వచ్చింది: మక్క (మొక్కజొన్న) విత్తనం, లక్డారం.

"బోణీ!" అని సేటు అరిచిన అరుపుకు పక్క దుకాణం వాళ్లు తొంగిచూశారు. బోణీ సొమ్మును అద్దుకున్నట్టే ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నారు. తర్వాత దాన్ని కూతురి ముందు పెట్టి, "ఇగ దించు బిడ్డా, పాత షట్టర్," అన్నారు. లావణ్య rm అని టైపు చేసి పాత ఫైలు తీసేసింది. తెర నాకు మసకగా కనిపించింది, ఎందుకో మీకు తెలుసు.

ఆనాటి నుంచి సక్సెస్‌ఫుల్ అన్న మాట కనిపిస్తే ముందు దాని పై వరుస చదువుతున్నాను. ఎవరి సర్వర్ చేతికొచ్చినా, పాతదేమైనా తెరిచి ఉంచారా అని అడుగుతాను. ఉంచామంటే, తీసేసే ముందు ఎందుకు ఉంచారో కూడా అడుగుతాను. సేటు చెప్పిన కారణం నా నల్ల తెర మీద ఎక్కడా లేదు.