ఆల్బంలో లేని ముప్పై ఎనిమిది సెకన్లు

2023 వానాకాలం. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, పూరీ గేట్ దగ్గర మేడ మీది గది నా రికార్డింగ్ స్టూడియో. స్టూడియో అన్నానని పెద్దగా ఊహించుకోకండి. గోడలకి పాత పరుపులు, కిటికీకి రెండు బొంతలు, ఒక కంప్యూటర్, రెండు మంచి మైకులు, నాకో కుర్చీ, వచ్చినవాళ్ళకో కుర్చీ. పూజా కమిటీల ప్రకటనలు, బెంగాలీ కీర్తనలు, మన తెలుగువాళ్ళ భజనలు ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే రికార్డు చేస్తున్నాను. రోజంతా చెవుల్లో ఎవరో ఒకరి గొంతు ఉంటుంది. నాతో మాట్లాడే గొంతు మాత్రం ఉండదు. సాయంత్రం తాళం వేసి, కింద హోటల్లో నాలుగు రొట్టెలు తిని ఇంటికి పోతాను. ఇంట్లో నేనొక్కణ్ణే. జాలి పడమని కాదు, కథకి అవసరమని చెబుతున్నాను.

ఆ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చినాయన పేరు సింహాచలం. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ మనిషి, గూడ్సు బండ్లు నడిపి రిటైరైన డ్రైవరు. మా నాన్న వర్క్‌షాపులో పనిచేసే రోజుల నుంచీ ముఖపరిచయం, బాబాయ్ అని పిలుస్తాను. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. అది నేను చేసి ఇచ్చిందే. 2018లో సెటిల్‌మెంట్ ఆడవాళ్ళు ఆరుగురు వచ్చి నలుగు పాటలూ అప్పగింతల పాటలూ పాడి వెళ్ళారు. ముందు ముందు పెళ్ళిళ్ళలో ఇవి పాడేవాళ్ళే ఉండరని వాళ్ళ బెంగ. ముందుండి పాడింది ఈయన భార్య పైడమ్మ. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

"ఇందులో ఉన్నది మా పైడమ్మ కాదు బాబూ," అన్నాడు.

"పిన్నే బాబాయ్. నేనే కదా రికార్డు చేసినాను."

"పాట దానిదే. గొంతూ దానిదే. మనిసి నేదు. ఏటి నేదో నాకు సెప్పడం రాదు. నువ్వే ఏటో తీసీసినావు."

నాకు చుర్రుమంది. ఆ ఆల్బం మీద నాకు చాలా గర్వం ఉండేది, వచ్చినవాళ్ళందరికీ వినిపించేవాణ్ణి. ఇంజను రొదలో సర్వీసంతా గడిపిన చెవులు నా పనికి వంక పెట్టడమా అనుకున్నాను. నా మొహంలోనే కనపడినట్టుంది. ఆయన ఎడమ చెవి చూపించి, "దీన్ని ఇంజనే తినీసింది. అయినా తెలస్తంది," అన్నాడు.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. మైకులోంచి వచ్చింది వచ్చినట్టు దాచిపెట్టేదాన్ని మాస్టర్ అంటాం. దాన్ని శుభ్రం చేసి జనానికి ఇచ్చేది ఆల్బం. శుభ్రం చేయడానికి నాయిస్ గేట్ అని ఒకటి వాడతాం. గొంతు ఒక మోతాదు కంటే తగ్గగానే ఆ గేటు మూసుకుంటుంది. ఊపిరి, గాజుల చప్పుడు, కుర్చీ కిర్రుమనడం, ఏవీ లోపలికి రావు. తర్వాత కంప్రెసర్. అది పెద్ద గొంతును తగ్గించి, చిన్న గొంతును పెంచి, అంతా ఒకే ఎత్తులోకి తెస్తుంది. చివర ఎంపీత్రీగా కుదించేటప్పుడు ఇంకాస్త పోతుంది. పైడమ్మ పిన్ని గొంతులో కొద్దిగా జీర ఉండేది. దాన్నీ నున్నగా చేశాను. మెరుగు పెడితే ఎంతో కొంత బంగారం అరుగుతుందని ఏ కంసాలిని అడిగినా చెబుతాడు. నాకే తోచలేదు.

అదొక్కటే కాదు. నా గది పక్కనే రైలు కట్ట. మా ఊళ్ళో మాట్లాడుతుండగా బండి వస్తే అందరం ఠక్కున ఆగిపోతాం. బండి దాటాక, ఆపిన మాట దగ్గరే మళ్ళీ అందుకుంటాం. బయటి నుంచి వచ్చిన చుట్టాలు చూసి నవ్వుతారు. ఆ ఆరుగురూ పాటల్లో కూడా అలాగే ఆగారు. బండి వచ్చిన చోటల్లా కోసేసి, అటు ముక్కనీ ఇటు ముక్కనీ అతుకు తెలియకుండా కలిపాను. ఆ అతుకులు చూసుకుని మురిసిపోయాను కూడా.

"మాస్టర్ పెడతాను, వినండి," అని హార్డ్ డిస్క్ తగిలించాను. ఫోల్డరు ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది. డిస్కులో చోటు చాలక ఏడాది దాటిన మాస్టర్లు తుడిచేస్తూ ఉంటాను. ఆల్బం ఉంది కదా, ఇంకా ఎందుకని. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏటి?" అన్నాడాయన.

"లేవు బాబాయ్. నేనే తుడిచీసినాను."

ఆయన నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. "ఠీక్ హై," అని లేచి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "మళ్ళీ పాడించుకుందారంటే మనిసి నేదు కదా," అన్నాడు. నన్ను అనలేదు, తనలో తనే అనుకున్నాడు.

ఆ మాటకి నేను కుర్చీలోంచి లేచి ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చాను. అలమరలో ఉన్న డిస్కులన్నీ కింద పోసి ఒక్కొక్కటే వెతికాను. గంటన్నర పట్టింది. ఆయన అంతసేపూ టీ కూడా వద్దని, గోడకున్న పరుపుని చూస్తూ కూర్చున్నాడు. పాత డిస్కులో ఒక మూల ఎన్‌జీ, అంటే నో గుడ్, అని ఫోల్డరు కనపడింది. చెడిపోయిన టేకులు, అంటే మళ్ళీ పాడించాల్సి వచ్చినవి, అందులో పడేస్తాం. మంచివాటిని శ్రద్ధగా తుడిచినవాణ్ణి, చెత్తని మాత్రం తుడవడం మరిచాను. అందులో ఒక నలుగు పాట ఉంది. బండి చప్పుడు మరీ ఎక్కువ పడిందని నేనే పక్కన పెట్టిన టేకు.

స్పీకర్లు ఆయన కుడి చెవి వైపు తిప్పి పెట్టాను. పైడమ్మ పిన్ని తన జీర గొంతుతో మొదలుపెట్టింది. చేతులు కదిలినప్పుడల్లా గాజులు. చరణం చివర ఊపిరి తీసుకోవడం. రెండో చరణం సగంలో దూరంగా ఒక హారను వినిపించింది. ఒక్కటే, పొడుగ్గా. పాట ఆగింది. బండి దగ్గరికొచ్చింది, పెట్టెలు ఒక్కొక్కటే దాటుతున్నాయి. తాళం పోకుండా ఎవరో తొడ మీద మెల్లగా తడుతున్నారు. బండి వెళ్ళిపోయింది. అయినా ఆవిడ పాట అందుకోలేదు. కాసేపు ఊపిరి తప్ప ఏమీ లేదు. అప్పుడు పక్కవాళ్ళతో తగ్గు గొంతుతో అంది.

"ఆయన బండి కాదర్రా. కానీండి."

సింహాచలం బాబాయ్ చెయ్యెత్తాడు. ఆపేశాను.

ఎత్తిన చెయ్యి మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు. "సెటిల్‌మెంట్ దాటీటప్పుడు నాను ఒకపాలి సిన్నగా, ఒకపాలి పొడుగ్గా కొట్టీవోణ్ణి. రూలు కాదది. వచ్చేస్తన్నానని దానికి తెలియాలని. డూటీ దిగి ఇంటికెల్లి, ఏటే, నిద్దరోనావా అంటే, ఆయిగా తొంగున్నాను అనీది. ముప్పై ఏళ్ళూ అదే మాట. పెతీ బండికీ సెవి పెట్టుకునుండీదని నాకేటి తెలుసు?"

ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"రిటైరయ్యినాక పదకొండు నెల్లు దాని దగ్గరున్నాను. పాడవే అంటే పాడీది. నాను ఎదురుగుండా కూసున్నా, బండొస్తే ఆగిపోయీది. ఇక్కడే ఉన్నాను కదే అంటే, అలవాటు అనీది. నవ్వీవోణ్ణి బాబూ నాను."

అప్పుడు నాకు అర్థమైంది, ఆల్బంలో ఆయనకి ఏది దొరకలేదో. ముప్పై ఏళ్ళు ఒక మనిషి కోసం చెవి పెట్టుకుని ఉన్నావిడ పాటలో, ఆ చెవి పెట్టడాన్నే నేను రొద అని కోసి పారేశాను. సిగ్గేసింది. దానికంటే ముందు, చెప్పడానికి బాగోదు గానీ, అసూయ వేసింది.

"పాటలు నా దగ్గరున్నాయి. ఈ ఒక్క ముక్కా ఫోన్లో ఎయ్యి," అన్నాడు. "ఆగిన కాడ నించి కానీండి అన్న దాకా."

ఆ ముక్క నిడివి ముప్పై ఎనిమిది సెకన్లు. నా నోరు ఊరుకోదు కదా, "బండి చప్పుడు కొంచెం తగ్గించమంటారా బాబాయ్?" అన్నాను.

"ముట్టుకోకు," అన్నాడు.

ఇప్పుడు మాస్టర్లు తుడవడం మానేశాను. దానికి ఇంకో రెండు డిస్కులు కొంటే సరిపోయింది, అదేమంత పాఠం కాదు. నేను నేర్చుకున్నది వేరు. ఒక టేకు మీద ఎన్‌జీ అని రాసే ముందు చెయ్యి ఆగుతుంది. ఎవరికి పనికిరాదు అని నన్ను నేనే అడుగుతాను. పాడేవాళ్ళు బండి కోసం ఆగితే నేను రికార్డింగ్ ఆపను. బండి పోయాక కూడా వాళ్ళు ఎంతసేపు ఊరుకుంటారో అంతసేపూ హెడ్‌ఫోన్‌లో వింటూ కూర్చుంటాను.

స్టూడియోలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు కూడా ఇప్పుడు హారను వినపడితే మౌస్ మీంచి చెయ్యి తీస్తాను. చిన్నగా ఒకటి, పొడుగ్గా ఒకటి ఎవరైనా కొడతారేమోనని వింటాను. ఆయన రిటైరయ్యాక అలా కొట్టేవాళ్ళెవరూ లేరు. బండి దాటిపోతుంది. నాక్కూడా పిన్ని అన్న ఆ మాట పైకే అనాలనిపిస్తుంది గానీ, కానీండి అనడానికి గదిలో ఇంకెవరూ ఉండరు.