బొటనవేలి కింద నూలుపోగు

నిన్న మనవడు ఫోన్‌లో జూనియర్ బిలియర్డ్స్ పోటీ చూపించాడు. ఒక పిల్లవాడు బల్ల మీదికి వాలి, ఒక్క కాలివేలు నేలకు ఆనించి కొట్టాడు. ఈ పోటీలు మొదట ఎవరు పెట్టారో నాకు తెలియదు. మా చిన్నప్పుడు సిరిసిల్ల పోటీలో ఏం జరిగిందో మాత్రం తెలుసు.

క్లబ్బులో ఆ పచ్చగుడ్డ బల్ల, మూడు బంతులు, సుద్ద వాసన గుర్తున్నాయా దోస్తులూ? ఆ రోజు గెలిచినవాడు జగిత్యాల పోటీకి పోవాలి. నా మీద ఆడుతున్న పొట్టి నర్సయ్య ఆఖరి దెబ్బ కొట్టడానికి బల్ల మీద దాదాపు పడుకున్నాడు. ఒక్క కాలైనా నేలకు ఆనకుంటే ఆ దెబ్బ చెల్లదు.

"రెండు కాళ్లు లేసినయ్, ఫౌల్!" అని అరిచాను.

"వేలు ఆనింది రా, కండ్లు కనవడ్తలేవా?" అన్నాడు.

క్లబ్బు ఊడ్చే మా చిన్నమ్మ ఇంటి దగ్గర మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. చీరకు అంటిన నూలుపోగు తీసి నేల మీద పరిచింది. "దీని మీద వేలు పెట్టి మల్ల గట్లనే వంగు కొడుకా. గుంజితే పోగు అచ్చిందనుకో, కాలు లేసినట్టే."

గుంజింది. పోగు వేలి కింది నుంచి రాలేదు, పుటుక్కున తెగింది.

"నేను నీ అక్క కొడుకును గదా చిన్నమ్మా!" అన్నాను.

"అయితేంది? పోగు నీ చుట్టమా?"

నర్సయ్య కొట్టాడు, ఎర్రబంతి బల్ల మూల జాలీలో పడింది, గెలిచాడు. జగిత్యాల బస్సులో నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నేనెందుకురా?" అన్నాను.

"ఆడ ఎవడన్న ఫౌల్ అంటే నువ్వే కొట్లాడాలె. నీ నోరు పెద్దది."

కొట్లాడాను.