టిక్కీలో దాచిన పులిగోళ్లు

2007 ఆగస్టు 12, ఆదివారం. పొద్దున్నే మ్యూజియంలో అద్దం వెనక మా ఇంటి వస్తువులాంటిదే కనిపించి ఉలిక్కిపడ్డాను. ఇనుప పట్టీకి నాలుగు వంకర గోళ్లు, పిడికిలిలో దాచుకునే ఆయుధం. పులిగోళ్లు అంటారని ఇవాళే చదివాను.

మీ ఇళ్లలోనూ మిరపకాయల టిక్కీలు, అదే గోనె బస్తాలు, గది నిండా ఉండేవి కదా, ఆ ఘాటు గుర్తుందా? ఏడేళ్లప్పుడు తాతయ్య పెట్టెలోంచి అలాంటి పులిగోళ్లని తీసి ఆడుకుంటుంటే అడుగుల చప్పుడైంది. భయంతో ఒక టిక్కీలోకి దూర్చేశాను. మర్నాటికి టిక్కీలన్నీ అమ్మకానికి గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లిపోయాయి. ఇవాళ మ్యూజియం నుంచి రాగానే ఊళ్లో ఉన్న నాన్నకి ఫోన్ చేశాను.

"నాన్నా, యార్డులో కాయలెలా చూస్తారు?"

"టిక్కీ కోసి, లోపలికంటా చెయ్యి పెట్టి గుప్పెడు లాగుతారు. ఎందుకే, కొట్టు పెడతావా?"

నవ్వలేకపోయాను. నిజమూ చెప్పలేదు.

రేపు పొద్దున మొదటి బస్సుకి ఊరెళ్లి అంతా చెప్పేస్తాను. ఆ టిక్కీ కోసినాయన చెయ్యి ఏమైందో నాన్నని అడుగుతాను.