భుజం మీది వాతలు

కరోనా టీకా వేయించుకోకపోతే పనిలోకి రానివ్వమని షాద్‌నగర్‌లో మా కంపెనీవాళ్లు ఖరాఖండిగా చెప్పారు. మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లి వేయించుకున్నాను. సూది వేసిన ఆమెకు ఏం తొందరో ఏమో, కండలో కాకుండా పైన, భుజం కీలు దగ్గర గుచ్చింది. అప్పుడు పట్టుకున్న నొప్పి నెలలు గడిచినా వదల్లేదు. చెయ్యి తల దాకా లేవదు. జడ వేసుకోలేను. బస్సులో పై కమ్మీ పట్టుకోలేను. కంపెనీలో పెట్టెలు ఎత్తలేనిదాన్ని ఎవరుంచుకుంటారు? పని కూడా పోయింది.

మాది గొర్రెల ఇల్లు. గొర్రె కుంటితే బాపు చువ్వ కాల్చి వాత పెడతాడు. మా ఊళ్లో మనుషుల నొప్పులకూ అదే వైద్యం. "జర ఓర్సుకో బిడ్డా, పట్టుకున్న నరం ఇడుస్తది" అంటూ నా భుజం మీద కూడా పెట్టాడు. కాలింది నాకు, కళ్లనీళ్లు ఆయనకు.

నొప్పి తగ్గలేదు. ఆ తర్వాతే పెద్ద డాక్టరుకు చూపించుకున్నాం. సూది కీలులో దిగడం వల్లే చెయ్యి పట్టేసి ఉండవచ్చని ఆయన అన్నాడు. నష్టపరిహారం వస్తే చిన్న కిరాణా దుకాణం పెట్టుకుందామని నా ఆశ. బాపును వెంటబెట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లాను.

వకీలు అంతా విని, భుజం చూసి ఆగిపోయాడు. "గీ మచ్చలేందమ్మా?"

"చిన్నప్పటివి సార్" అన్నాను. నాకప్పటికే భయం పట్టుకుంది.

"కాదు సారూ, సూది ఏసినంక నేనే పెట్టిన. బిడ్డ నొప్పికి ఆగుతలేదని" అన్నాడు బాపు, మంచి పని చేసినవాడిలాగే.

వకీలు తల పట్టుకున్నాడు. "సూదితోని కాదు, కాల్చుడుతోనే చెయ్యి పట్టేసిందని ఆసుపత్రోళ్లంటరు పెద్దమనిషీ. నేనేం జవాబు చెప్పాలె?"

బాపు ముఖం నల్లబడింది. అయినా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. అవతలివాళ్లు అచ్చం అదే మాట అన్నారు. ఓడిపోయాం.

వాతల కంటే ముందే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ కుమిలిపోతుంటాను. బాపును ఒక్క మాట కూడా అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఇప్పుడు గొర్రె కుంటితే భుజాన వేసుకుని పశువుల దవాఖానకు నడుస్తాడు. పొద్దున అమ్మ దువ్వెన తీసుకుని నా వెనక కూర్చుంటే మాత్రం, చాయ్ సగంలో వదిలేసి మంద దగ్గరికి వెళ్లిపోతాడు.