పండుగప్ప దిగని స్టాపు

ఇందులో ప్రతి ముక్కా నిజం. నా మాట నమ్మేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరని తెలుసు కాబట్టే ముందుగా ప్రమాణం చేస్తున్నాను. బైబిలు మీద చెయ్యి వేసేవాణ్ణే గానీ, పోయినసారి అలా వేసి, కాలవలో మొసలితో కుస్తీ పట్టిన సంగతి చెప్పానని మా ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. అంచేత ఇరవై రెండేళ్ళుగా నా భుజాన వేలాడుతున్న కండక్టరు సంచీ మీద ఒట్టు. అంతకంటే పవిత్రమైన వస్తువు నా దగ్గర లేదు.

నిన్న పొద్దున గుడివాడలో బస్సు కదిలేటప్పుడు ఈల వేశాను. ముందు సీట్లో తల్లి పక్కన కూర్చున్న ఐదారేళ్ళ పిల్ల రెండు చేతులతో చెవులు మూసుకుని మోకాళ్ళ మీదికి వంగిపోయింది. తల్లి, బస్సంతటికీ క్షమాపణ చెబుతున్నట్టు చుట్టూ చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. మా చెల్లెలు కొన్నేళ్ళుగా అదే చూపుతో బందరంతా తిరుగుతోంది. ఈల జేబులో పడేసి, పామర్రు దాకా తలుపు రేకు మీద చేత్తో తడుతూ బస్సు నడిపించాను. "ఏంటి గురూ, ఈల మింగేశావా?" అన్నాడు డ్రైవరు. "టిఫిన్ దొరకలేదయ్యా, ఏం చెయ్యను," అన్నాను. నవ్వాడు గానీ, నాకు ఆ తర్వాత రోజంతా మా మేనకోడలే కళ్ళ ముందు.

మా చెల్లెలి కూతురికి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. ఆటిజం అని డాక్టర్లు చెప్పేసరికి నాలుగేళ్ళు. మాటలు తక్కువ. ఉన్న మాటల్లో సగం అంకెలే. తాగే స్టీలు గ్లాసు మారకూడదు. కిటికీ తెర ఉతకడానికి తీస్తే, తిరిగి కట్టేదాకా ఆ గదిలో కాలు పెట్టదు. వాళ్ళ నాన్న, అంటే మా బావగారు, చేపల వ్యాను తోలతాడు. వ్యాను వచ్చే వేళకి రాకపోతే గుమ్మం దగ్గర నిలబడి చేతులు నలుపుకుంటూ, గొంతులోనే ఒక సన్నటి కూనిరాగం మొదలుపెడుతుంది. అది రాగం కాదు, భయం. అన్నిటికంటే పెద్ద కష్టం నిద్ర. పదింటికి పడుకోబెడితే పన్నెండింటికి లేచి, ఈ గోడ నుంచి ఆ గోడకి నడక. తెల్లవారుజామున మూడు దాకా అదే నడక. మా చెల్లెలు టీలో ఉప్పు వేసిన రోజులున్నాయి, పొయ్యి దగ్గర నిలబడే కునికిన రోజులున్నాయి. చర్చి నుంచి అమ్మగార్లు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. పక్కింటావిడ మిరపకాయలు తెచ్చి దిష్టి తీసి వెళ్ళింది. చెల్లెలు ఎవరినీ కాదనలేదు. రెండు పక్షాలూ వెళ్ళేసరికి పాప మాత్రం కళ్ళు విప్పుకునే ఉంది.

సరిగ్గా అలాంటి రోజుల్లో ఒక శనివారం నేను బందరు వెళ్ళాను. "నాకొదిలెయ్యవే. నా కథలకి బస్సు బస్సంతా పడుకుంటుంది, డ్రైవర్ని లేపి ఉంచడమే నా డ్యూటీ," అన్నాను. "నీ కోతలకి పెద్దవాళ్ళు పడుకుంటారన్నయ్యా, తప్పించుకోడానికి," అంది చెల్లెలు. అని, ఐదు నిమిషాలు నడుం వాలుస్తానని హాల్లోకి వెళ్ళింది. నేను పాప పక్కన చాప మీద పడుకుని మొదలుపెట్టాను. నాగాయలంకలో ఒక పండుగప్ప బస్సెక్కింది. నిలువెత్తు చేప. గుడివాడకి హాఫ్ టికెట్ అడిగింది. ఇంత మనిషివి, హాఫ్ ఏంటమ్మా అంటే, తోక లెక్కలోకి రాదండీ అంది. పదకొండో నంబరు సీట్లో కూర్చుంది. అవనిగడ్డ వచ్చింది, మోపిదేవి వచ్చింది... అక్కడికి పాప నిద్రపోయింది. హాల్లో చెల్లెలు లేచేసరికి ఆరు. పరుగెత్తుకొచ్చింది. "మోపిదేవి కూడా దాటనివ్వలేదే, రాత్రంతా కదల్లేదు, ఇప్పుడే లేచింది," అన్నాను. గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.

మర్నాటి రాత్రి చేపని పద్నాలుగో సీట్లో కూర్చోబెట్టాను. ఎందుకు కూర్చోబెట్టానో నాకు తెలీదు, నేను ఏ కథా రెండోసారి ఒకలా చెప్పి ఎరగను. మార్చకపోతే నాకు నోరు పెగలదు. పాప దిగ్గున లేచి కూర్చుంది. "పదకొండు," అంది. "అవునమ్మా, పదకొండే," అన్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది. తల గోడకేసి కొట్టుకోబోతే చెల్లెలు తన చెయ్యి అడ్డం పెట్టింది. ఆ దెబ్బలు ఆ చెయ్యే తింది. మూడు గంటల సేపు మేమిద్దరం చెయ్యగలిగింది ఏమీ లేదు.

అప్పుడు తెలిసొచ్చింది, మొదటి రాత్రి నేనేం చెప్పానో నాకే గుర్తులేదని. చెల్లెలేమో నిద్రలో ఉంది. అసలు కథ పాప ఒక్కదానికే తెలుసు, అదేమో చెప్పలేదు. ప్రతి శనివారం నేను చెప్పడం, పాప బిగుసుకున్న చోటల్లా చెల్లెలు ఎర్ర పెన్నుతో నోటుబుక్కులో గీత గియ్యడం. అలా కొన్ని నెలలకి మోపిదేవి దాకా కథ కుదిరింది. ఆ తర్వాత మాత్రం గండం. చేపని చల్లపల్లిలో దించాను, కూచిపూడిలో దించాను, పామర్రులో దించాను, గుడివాడ దాకా తీసుకెళ్ళి రిక్షా కూడా ఎక్కించాను. ఏ స్టాపులో దించినా అదే ఏడుపు.

ఇలాంటి పిల్లలకి నేర్పే మేడమ్ ఒకావిడ ఉంటే నోటుబుక్కు పట్టుకుని వెళ్ళాం. ఆవిడ నవ్వలేదు. "తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే పాపకి భయం కాస్త తగ్గుతుందండీ. కథ ఒక్కటే కాదు, సాయంత్రం మొత్తం రోజూ ఒకేలా ఉండాలి," అంది. చెల్లెలు అట్టముక్కల మీద బొమ్మలు గీసింది: స్నానం, పెరుగన్నం, నీలం దుప్పటి, కథ, లైటు. ఒకటి అయిపోగానే పాప ఆ అట్ట తిరగేస్తుంది. గంట ముందే టీవీ బంద్, ఫోన్లు బంద్. కరెంటు పోయి ఒకసారి అంతా తలకిందులైతే, కొవ్వొత్తి బొమ్మతో ఇంకో అట్ట చేసింది. కొన్ని రాత్రులు నడక మూడింటికి బదులు ఒంటిగంటకే ఆగుతోంది. కొన్ని రాత్రులు ఏ అట్టా పని చెయ్యదు. "ఎందుకన్నయ్యా?" అంటుంది చెల్లెలు. నేను తిరగేసిన అట్టలన్నీ మళ్ళీ వరసలో పేరుస్తాను.

అయినా చెల్లెలు ఎవరు కనబడినా ఒకటే మాట చెబుతుంది: "ఒక్క రాత్రి పడుకుందండీ మా పాప. మా అన్నయ్య కథ చెబితే తెల్లారేదాకా కదలకుండా పడుకుంది. ఒకసారి పడుకుంది కదా, మళ్ళీ పడుకుంటుంది." ఆ ఒక్క రాత్రిని పట్టుకుని వేలాడుతోంది.

ఇక సంచీ మీద ఒట్టు సంగతి. పండుగప్పకి టికెట్ కొట్టింది నిజమే, దాని జోలికి రాకండి. నేను కల్పించింది ఆ రాత్రినే. నిద్రపోయింది పాప కాదు, నేను. పొద్దుటి నుంచి మూడు ట్రిప్పులు తిరిగిన ఒళ్ళు, మోపిదేవి దగ్గర ఒరిగిపోయాను. కళ్ళు తెరిచేసరికి కిటికీలో తెల్లగా వెలుగు. పాప నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని నా నోటివంకే చూస్తోంది. నడవలేదు, ఏడవలేదు. తర్వాతి మాట కోసం ఎదురుచూసింది, అంతే. ఎంతసేపటి నుంచో నాకు తెలీదు. అంతలో చెల్లెలి అడుగుల చప్పుడు వినబడి, దాని మొహం చూసి, నోటికొచ్చింది అనేశాను.

చెల్లెలికి ఇప్పటికీ నిజం చెప్పలేదు. ఇది అచ్చయ్యే పత్రిక తిరగేసే తీరిక దానికెలాగూ లేదు. పోయిన శనివారం మాత్రం మోపిదేవి దగ్గర ఆపేసి, కళ్ళు మూసుకుని గురక పెట్టాను. ఏడుపు రాలేదు. ఒక కన్ను ఓరగా తెరిచి చూస్తే, పాప బాసింపట్టు వేసుకుని నా నోటివంకే చూస్తోంది. ఆ మొదటి రాత్రికి రెండేళ్ళయింది. నా బస్సు రోజూ వేళకి గుడివాడ చేరుతూనే ఉంది, ఆ చేప మాత్రం పదకొండో సీట్లో, మోపిదేవి దగ్గర, తెల్లారకుండా కూర్చునే ఉంది.