సిలువ కొడితే గంగమ్మ

తెనాలిలో మా డీటీపీ షాపులో కుర్చీలు రెండే. ఒకటి నాది, రెండోది రోజూ రేపల్లె నుంచి రైల్లో వచ్చే టైపిస్టుది. చూపు పని తెచ్చిన పార్టీ ఇచ్చిన కాగితం మీద, వేళ్ళు కీబోర్డు మీద పెట్టిందంటే తెర వంక తలెత్తదు. వాళ్ళాయనకి సముద్రంలో వేటకెళ్ళే పడవ ఉంది. అందుకని అటువైపు ఎవరు కొత్త పడవ నీళ్ళలోకి దించినా కరపత్రం మా దగ్గరే వేయిస్తారు. ప్రతిదాని నెత్తినా ఒకటే వాక్యం: ‘శ్రీ గంగమ్మ తల్లి కరుణాకటాక్షములతో’. మేము బాపట్ల లూథరన్లం, చర్చి పనులు నా తరఫున వస్తాయి. ఉన్న ఒక్క ప్రింటరు మీద అందరూ సర్దుకుపోతున్నారు.

గంగమ్మ వాక్యం ప్రతిసారీ కొట్టడం దండగని నేనొక స్క్రిప్టు రాశాను. స్క్రిప్టంటే బ్రహ్మవిద్యేం కాదు. ఫలానా కీలు కలిపి నొక్కితే ఫలానా పని చెయ్యమని కంప్యూటరుకి రాసిపెట్టడం. అది కిటికీ పక్క పొరుగింటావిడలా ప్రతి కీనీ చెవొగ్గి వింటూ ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, జి మూడూ కలిపి నొక్కితే చాలు, వాక్యం మొత్తం పడుతుంది.

అది పెట్టిన కొన్నాళ్ళకి పొన్నూరు ప్రార్థన కూడిక కరపత్రంలో గంగమ్మ కనబడింది. పొరపాటేలెమ్మని నవ్వి, పాత కరపత్రంలోంచి సిలువ తెచ్చి అతికించేశాం. ఆ తర్వాత బాపట్ల పెళ్ళికార్డు వచ్చింది. పెళ్ళికూతురి తండ్రి నాకు బాబాయి వరస. మా టైపిస్టు అది కొట్టి ప్రూఫు నేరుగా ఆయన ఫోనుకి పంపింది. ప్రూఫు చదువుకునే పూచీ మా దగ్గర పార్టీదే. సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు.

“ఏంటమ్మాయ్, గంగమ్మని కూడా పిలిచావా పెళ్ళికి?”

“ఎక్కడ బాబాయ్?”

“పైన, సిలువ ఉండాల్సిన చోట. నేను నవ్వానులే, మీ పిన్ని నవ్వట్లేదు. చూడకుండా వియ్యాలవారికి పంపేశాను. మన ఇంట్లో ఏ పూజలు జరుగుతున్నాయని వాళ్ళు పాస్టరుగారి దగ్గర వాకబు చేస్తున్నారంట.”

ఫోను పెట్టేశాక ఆలోచించాను. హిందువుల పెళ్ళికార్డు ఒక్కదాంట్లోనూ దూరని గంగమ్మ మావాళ్ళ కాగితాల్లోకే ఎందుకొస్తుంది? కంప్యూటరుకి మతం ఉండదు, మనిషికుంటుంది. పైగా మొన్న గంగమ్మ జాతరకి టైపిస్టు రెండు రోజులు సెలవడిగితే ఒక్క పూట ఇచ్చాను. అప్పట్నుంచి ఆవిడ నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది. ఇంక మానిపించెయ్యడమే అనుకున్నాను. కాకపోతే సాక్ష్యం లేకుండా పోట్లాటకి దిగే అలవాటు నాకు లేదు. ఆ మూడు కీలూ పడగానే కుయ్‌మని కూత వచ్చేలా స్క్రిప్టులో ఒక వాక్యం చేర్చాను. ఆవిడకి చెప్పలేదు.

మర్నాడు పెళ్ళికార్డు మొత్తం మళ్ళీ కొట్టమని ఇచ్చి, నేను కవర్లు సర్దుతున్నట్టు నటిస్తూ కూర్చున్నాను. మొదలుపెట్టీ పెట్టగానే కూత.

“వేళ్ళు తియ్యకు,” అన్నాను లేచి.

“ఏంటక్కా, దొంగని పట్టుకున్నట్టు?”

“ఇప్పుడేం కొట్టావు?”

“సిలువ.”

చూశాను. ఎడమచేయి కాగితం మీద వరస పట్టుకుని ఉంది. కుడి బొటనవేలు కుడివైపు ఆల్ట్ మీద, చూపుడువేలు జి మీద. కంట్రోల్ మీద ఏ వేలూ లేదు. తెర మీద మాత్రం గంగమ్మ.

ఏ కీ నొక్కితే కంప్యూటరుకి ఏం వినపడుతుందో చూపించే కిటికీ ఒకటి స్క్రిప్టులోనే ఉంటుంది. అది తెరిచి కుడి ఆల్ట్ ఒక్కటే నొక్కాను. కంట్రోల్, ఆల్ట్ రెండూ పడ్డాయి. మా తెలుగు కీబోర్డులో సిలువలాంటి గుర్తులన్నీ కుడి ఆల్ట్‌తోనే వస్తాయి. ఆ కీని కంప్యూటరు రెండు కీల కింద లెక్కేస్తుంది. సిలువకి కూడా జి కీయే. స్క్రిప్టు ముందు వినేసి, సిలువని మింగి, గంగమ్మని పంపుతోంది. హిందువుల కార్డులో సిలువ కొట్టే పనేముంది?

“అంటే ఆ కూత నాకోసం పెట్టారా?” అంది ఆవిడ.

“కీ కోసం పెట్టాను.”

“కీకి చెవులుంటాయా అక్కా?”

“సెలవు దగ్గర నువ్వు మూతి ముడుచుకుని తిరగలేదా? నాకు అనుమానం రాదా?”

“ముడుచుకున్నాను. నా మూతి నా ఇష్టం. దానికని మా అమ్మని తీసుకెళ్ళి ఎవరి పెళ్ళికార్డులోనో కూర్చోబెడతానా? పిలవని పేరంటానికి మా గంగమ్మ వెళ్ళదు.”

స్క్రిప్టు దిద్దడం మొదలుపెట్టాను. ఎడమ కంట్రోల్, ఎడమ ఆల్ట్ అయితేనే పలకమని రాశాను. ఈసారి సిలువ సిలువలాగే పడింది. బాబాయికి ఫోన్ చేసి చెబితే, “ఆల్టూ గీల్టూ నేను చెప్పలేను, మిషన్ తప్పంటాను,” అన్నాడు. వియ్యాలవారు నమ్మారు. అనుమానించడం తప్పని నేనిప్పటికీ ఒప్పుకోను. రెండుసార్లూ మావాళ్ళ కాగితమే అయితే ఎవరికైనా వస్తుంది.

కూత వాక్యం చెరపబోతుంటే ఆవిడ ఆపింది.

“ఉంచండక్కా.”

“ఇంకెందుకు?”

“మళ్ళీ అనుమానమొస్తే పెట్టుకునే శ్రమ ఉండదు.”

తీసేస్తానని వాదించాను. ఆవిడ తలెత్తలేదు, కొట్టుకుంటూ పోయింది. అది ఇప్పటికీ ఉంది. పడవ కరపత్రం వచ్చినప్పుడల్లా కుయ్‌మంటుంది. ఏంటండీ ఆ కూత అని పార్టీలు అడుగుతారు.

“అక్కనడగండి,” అంటుంది ఆవిడ, కాగితం మీంచి చూపు తియ్యకుండా.